మద్రాసు మిద్దె పని స్థానిక మేస్త్రీలకు నేర్పించవచ్చా?

చెన్నైలో వందేళ్ళు దాటిన కట్టడాన్ని బాగుచేయిస్తూ స్థానిక మేస్త్రీలకు ఆ పని నేర్పించవచ్చా, బయటి నుంచి నిపుణులను పిలవాలా అని అడిగారు. పిలవనక్కర్లేదు. మా సైటుకు నిపుణులు వచ్చారు, రెండు రోజులు బొమ్మలు చూపించి వెళ్ళిపోయారు.

జార్జిటౌన్‌లో ఒక పాత కట్టడం మరమ్మతుకు నేను ఏడాదిన్నర సూపర్‌వైజరుగా ఉన్నాను. పైకప్పు మద్రాసు టెర్రస్, అంటే మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలబెట్టి ఐమూలగా పేర్చాలి. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి చెక్క బద్దలతో కొట్టాలి. అది తెలిసినవారు మాకు ఒక్కరే దొరికారు, రాయపురంలో ఉండే నెల్లూరు మేస్త్రీ. వయసు డెబ్భై దాటింది. ఆయన కింద శ్రీకాకుళం కుర్రాళ్ళు నలుగురు, వ్యాసర్‌పాడి వాళ్ళిద్దరు. చూడవచ్చిన ప్రతివారూ "కోడిగుడ్లు ఎన్ని వేస్తారు?" అనేవారు. తెల్లసొన గోడల మీద అద్దంలా మెరిసే పూతకండీ, మిద్దెకు కాదు!

అక్టోబరులో వానలు ముంచుకొస్తున్నాయని కాంట్రాక్టరు మనుషులు తొందరపెట్టారు. ఒక కుర్రాడు రాత్రికి రాత్రే గోడ పూతలో సిమెంటు కలిపేశాడు. పొద్దున మేస్త్రీ గారు వేలి కణుపుతో తట్టి, "ఇది మన సున్నం పలుకు కాదు. ఎవరు కలిపారురా?" అన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. "చెమట పట్టే ఒంటికి రబ్బరు కోటు తొడుగుతారా? లోపల తేమ ఎటు పోవాలి? ఇటుక పిండయిపోదూ?"

చివరికి ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు. చిన్న ఉలితో మూడు రోజులు దాన్ని చెక్కాడు. కూలి కోయనివ్వలేదు మేస్త్రీ గారు. నాలుగో రోజు నుంచి సున్నపు గుంట వాడి చేతికి ఇచ్చారు. నానిన సున్నం తాపీకి వెన్నలా అంటుకుంటోందో లేదో చూసి చెప్పే పని ఇక వాడిదే.

చెన్నైలోని పాత కట్టడం విక్టోరియా పబ్లిక్ హాలు అనగానే నక్షా గీసిన చిజమ్ పేరు చెబుతారు. కట్టించిన నంబెరుమాళ్ చెట్టి పేరు ఎందరు తలుస్తారు? ఇక తాపీ పట్టినవాళ్ళ సంగతి సరేసరి.

నేర్పడానికి ఒక వర్షాకాలం చాలు. ఆ తర్వాత పని ఏదీ? తరువాత వచ్చిన టెండరులో సున్నం అన్న మాటే లేదు. ఆ కుర్రాడు ఇప్పుడు వేళచ్చేరిలో ఫ్లాట్లకు టైల్స్ అతుకుతున్నాడు. దీపావళికి ఫోను చేసి, శుభాకాంక్షల కంటే ముందు, "సార్, సున్నం పని ఎక్కడైనా ఉందా?" అని అడుగుతాడు.