ఫైరింగ్ రేంజ్‌లో సగానికి పైగా జవాన్లు ఫెయిలవుతున్నారు, ఎలా దారికి తేవాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడు బెంగళూరులో ఒక యూనిట్‌లో కొత్తగా హవల్దార్ అయ్యాడు. అతని కింద 30 మంది ఉన్నారు, ఎక్కువగా డ్రైవర్లు, క్లర్కులు, స్టోర్ వాళ్ళు. ప్రాక్టీస్ ఫైరింగ్‌లో 11 మందే గట్టెక్కారు. మూడు వారాల్లో క్లాసిఫికేషన్ ఫైరింగ్, అంటే గ్రేడు వేసే గురి పరీక్ష ఉంది. "అరిచాను, రగడా (శిక్షగా ఒళ్ళు అలిసే కసరత్తు) ఇచ్చాను, మళ్ళీ ఫైర్ చేయించాను. రెండోసారి ఇంకా తగ్గింది. వాళ్ళకు శ్రద్ధ లేదా, నాకు నేర్పడం రాదా?" అని అడిగాడు.

తమ్ముడూ, నాది గిద్దలూరు దగ్గర పల్లె. 24 ఏళ్ళు సర్వీసు చేశాను. అందులో 6 ఏళ్ళు ఇదే బెంగళూరులో వెపన్ ట్రైనింగ్ ఉస్తాద్‌గా, అంటే ఆయుధాలు నేర్పేవాడిగా గడిచాయి. ఇప్పుడు రామమూర్తి నగర్‌లో ఉంటున్నా. నాదీ ఇన్‌ఫాంట్రీ కాదు. రోజూ స్టీరింగో, రిజిస్టరో, స్పానరో పట్టుకుని, రైఫిల్‌ను గార్డు డ్యూటీకి భుజాన వేసుకోవడమే తప్ప కాల్చే అవకాశం ఏడాదిలో కొద్ది రోజులే దొరికే వాళ్ళతోనే నేనూ పని చేశాను. కాబట్టి నీ 30 మంది నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నారు.

ముందు ఆ రగడా ఆపు. క్రమశిక్షణ వద్దని కాదు. ఫ్రంట్ రోల్ కొట్టించి, రైఫిల్ నెత్తిన పెట్టించి పరుగెత్తించి, వెంటనే ఫైరింగ్ పాయింట్ మీద పడుకోబెడితే ఏమవుతుందో లెక్క వేసి చూడు. రైఫిల్ మీద గురి చూసే వెనక సైటుకూ ముందు సైటుకూ (ఫోర్‌సైట్) మధ్య దూరం సుమారు అర మీటరు. ఫోర్‌సైట్ కొన 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 100 మీటర్ల దగ్గర గుండు 20 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 200 మీటర్లకు 40 సెంటీమీటర్లు. గుండె దడదడ కొట్టుకుంటూ, ముంజేతులు వణుకుతున్న వాడికి ఆ కొన 1 మిల్లీమీటరు కాదు, అంతకు ఎన్నో రెట్లు ఆడుతుంది. రెండోసారి ఇంకా తగ్గిందన్నావు కదా, తగ్గకపోతేనే ఆశ్చర్యం. పైగా వాడి బుర్రలో రేంజ్ అంటే శిక్ష అని ముద్ర పడిపోయింది. ఇకమీదట ఎర్ర జెండా కనిపించగానే వాడి అరచేతులు చెమట పడతాయి.

ఇక 19 మంది ఫెయిల్ అన్నావు. ఆ 19 మందీ ఒకే రకంగా ఫెయిలవలేదు. ఇది నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. స్కోరు షీటులో అందరి పక్కనా ఒకే మాట ఉంటుంది. టార్గెట్ కాగితం మాత్రం ఒక్కొక్కరి జాతకం వేరేగా చెబుతుంది. నువ్వు గ్రూపింగ్‌కు తిరిగి వెళ్ళు. 5 రౌండ్లు, ఒకే గురి, తొందర లేదు. అయిదు బొక్కలూ దగ్గరదగ్గరగా పడి, మొత్తం గుంపు ఏ ఎడమ మూలకో పోయిందనుకో, వాడికి కాల్చడం వచ్చు. తేడా రైఫిల్ జీరోలో ఉంది, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా సైట్లు వాడికి సరిచేసి లేవు. బొక్కలు నిలువుగా పైకీ కిందకీ సాగితే చాలాసార్లు ఊపిరి తప్పు. కాగితమంతా చల్లినట్టు పడితే భయమో, పొజిషనో, చూపో. ఈ మూడింటిలో ఏదో తెలుసుకోవాలంటే నువ్వు వాడి పక్కన నేల మీద పడుకోవాలి. వెనక నిలబడితే బూటు మడమలు తప్ప ఏమీ కనిపించవు.

జీరో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన లాంటి యూనిట్లలో ఎక్కువ మంది మునిగేది అక్కడే. రేంజ్ రోజున కోత్ (ఆయుధాల గది) నుంచి రైఫిళ్ళు వరసగా వస్తాయి, చేతికి ఏది దొరికితే అది తీసుకుంటారు. ఒకరి కంటికి, ఒకరి చెంప ఆనే తీరుకు సరిచేసిన రైఫిల్‌తో ఇంకొకడు కాలుస్తాడు, వాడి తర్వాత మరొకడు. నా కింద ఒక స్టోర్ కీపర్ కుర్రాడు వరసగా రెండేళ్ళు ఫెయిలయ్యాడు. మూడో ఏడు వాడి పేరు మీద ఒకే బట్ నంబర్ (రైఫిల్ మడమ మీద ఉండే నంబరు) రాయించి, కోత్ ఎన్‌సీఓను బతిమాలి ప్రతిసారీ అదే రైఫిల్ ఇప్పించాను. ఒక ఉదయం కూర్చుని జీరో చేశాం, అంతే. ఆ ఏడు వాడు ఫస్ట్ క్లాస్ కొట్టాడు. రెండేళ్ళు వాణ్ణి "పనికిరానివాడు" అన్న నోళ్ళలో నాదీ ఒకటి. వాడి ముందు అందరూ వినేలా ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

తర్వాత భయం. ఇన్సాస్ 5.56 రైఫిల్, భుజానికి దెబ్బ పెద్దగా తెలియదు. పాత 7.62 ఎస్‌ఎల్‌ఆర్‌తో నేర్చుకున్న మా తరానికి ఆ తేడా బాగా తెలుసు. కుర్రాళ్ళను బెదరగొట్టేది చప్పుడు. పక్కవాడి రైఫిల్ పేలిన చప్పుడుకు వీడి రెప్ప మూతపడి, ఆ క్షణంలోనే వేలు ట్రిగర్‌ను గుంజేస్తుంది. దీన్ని మాటలతో నిరూపించలేవు, వాడు ఒప్పుకోడు. ఆఫీసర్ అనుమతి తీసుకుని మ్యాగజైన్‌లో డమ్మీ రౌండ్లు కలిపి పెట్టించు. ఎక్కడ డమ్మీ ఉందో కాల్చేవాడికి తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు, అయినా రైఫిల్ మూతి దబుక్కున కిందకు వంగుతుంది. అది వాడే చూసుకుంటాడు. నా దగ్గర ఒక డ్రైవర్ అట్లా చూసుకుని, లేచి కూర్చుని, "ఉస్తాద్, ఇన్నాళ్ళూ నేనే తోస్తున్నానా!" అన్నాడు. ఆ రోజు నుంచి వాడికి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. చెవుల్లో ప్లగ్గులు లేకుండా ఎవరినీ పడుకోబెట్టొద్దు. చెవి కాపాడుకోవడం పిరికితనం కాదు.

భాష గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. మన పిల్లలు పల్లెల నుంచి వస్తారు, పాఠమంతా హిందీలో నడుస్తుంది. కర్నూలు వైపు కుర్రాడొకడు పడుకున్న క్షణం నుంచి అయిదో రౌండు దాకా ఊపిరి బిగబట్టేవాడు. ముఖం కందగడ్డలా అయ్యేది, చివరి రెండు రౌండ్లు ఎక్కడికి పోయేవో తెలిసేది కాదు. అడిగితే "సాంస్ రోకో (ఊపిరి ఆపు) అన్నారు కదా" అన్నాడు. ఎప్పుడు ఆపాలో, ఎంతసేపు ఆపాలో వాడికి అర్థమయ్యే మాటలో ఎవరూ చెప్పలేదు. ఇంకొకడు 'షిస్త్' అంటే రైఫిల్‌లో ఒక భాగం అనుకున్నాడు! గురి అని చెప్పేసరికి నవ్వాడు. డ్యూటీలో హిందీలోనే చెప్పు, అది తప్పదు, మనందరికీ కలిసే భాష అదే. సాయంత్రం బ్యారక్ వరండాలో మాత్రం తెలుగువాడికి తెలుగులో, తమిళం వాడికి వాడి భాష తెలిసినవాడితో తమిళంలో చెప్పించు. నేను ఇట్లా చెప్పేవాణ్ణి: "సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూపు బెజ్జం మీద ఉంటుంది, వెనక గోడ మీద కాదు. అట్లాగే చూపు ఫోర్‌సైట్ కొన మీద ఉండాలి, టార్గెట్ మసకగా కనిపించినా ఫరవాలేదు. ఊపిరి సగం వదిలి, అది తనంతట ఆగిన చోట నొక్కు. కుందిలో వత్తిని వేలితో ముందుకు జరుపుతావే, దీపం ఆరకుండా, ట్రిగర్ అంత నిదానంగా రావాలి." అమ్మ దగ్గర దీపం పెట్టడం చూడని కుర్రాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

కళ్ళు కూడా చూడు. 38, 40 దాటిన హవల్దార్లకు, నాయక్‌లకు దగ్గర చూపు తగ్గుతుంది, ఫోర్‌సైట్ కొన చెదిరిపోయి కనిపిస్తుంది. చెప్పుకోవడానికి నామోషీ. ముందే ఎంఐ రూమ్‌కు, అంటే యూనిట్ వైద్య గదికి పంపు. ఇంకో సంగతి, కొందరికి కుడిచేతి వాటమే కానీ ఎడమ కన్ను బలంగా ఉంటుంది. రెండు అరచేతులతో చిన్న కంత చేసి, రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న బల్బును చూడమను. ఒక్కొక్క కన్నూ మూసి చూస్తే ఏ కంటికి బల్బు కంతలోనే నిలిచిందో ఆ కన్నే బలమైనది. ఇది రెండు నిమిషాల పని.

మూడు వారాల్లో ఏం చేయగలవంటే, డ్రై ప్రాక్టీస్, అంటే గుండు లేకుండా సాధన. రోజూ అర గంట చాలు, రెండు గంటలు వద్దు, విసుగొచ్చాక చేసేది చెడు అలవాటుగా మారుతుంది. చాంబరూ మ్యాగజైనూ ఖాళీ అని ఇద్దరు వేరువేరుగా చూడాలి. ఆ గదిలోకి ఒక్క రౌండు కూడా రాకూడదు. ఇందులో మొహమాటం వద్దు. మూతి ఎటు తిరుగుతోందో, వేలు ట్రిగర్ మీద ఎప్పుడు పెడుతున్నాడో పట్టించుకోని వాడుంటే, వాడు ఎంత బాగా కాల్చినా సరే, అది సరయ్యే దాకా లైవ్ రౌండు ఇవ్వకు. పదిమందిలో పరువు తీయకుండా పక్కకు పిలిచి చెప్పు. జోడీలుగా పెట్టు, ఒకడు పడుకుంటే రెండోవాడు ప్రతిసారీ రైఫిల్‌ను కాక్ చేస్తుంటాడు, వాడి వేలినీ రెప్పనూ చూస్తుంటాడు. బ్యారెల్ మీద ఫోర్‌సైట్ దగ్గర ఒక రూపాయి బిళ్ళ పెట్టి, పడకుండా ట్రిగర్ నొక్కమను. వరసగా పదిసార్లు పడకపోతే ఆ వేలు దారిలో పడ్డట్టే. పొజిషన్ సరిచూడటానికి, గురి పెట్టాక కళ్ళు మూసి రెండు ఊపిర్లు తీసి తెరవమను. కొన పక్కకు పోయి ఉంటే చేతులతో లాక్కోకూడదు, నడుమూ కాళ్ళూ జరపాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పిస్టల్ షూటింగ్‌లో రజతం తెచ్చిన విజయ్ కుమార్ అప్పట్లో మన సైన్యంలో సుబేదార్. ఆ స్థాయి షూటర్లు కూడా గుండు లేని రైఫిల్‌తో, పిస్టల్‌తో గంటలు గంటలు సాధన చేస్తారు. మన కుర్రాళ్ళు దాన్ని టైంపాస్ అనుకుంటారు, ఈ మాట చెప్పు. సిమ్యులేటర్ దొరికితే తప్పకుండా వాడుకో, మన హైదరాబాద్‌లోనే జెన్ టెక్నాలజీస్ వాళ్ళు అలాంటివి తయారు చేస్తున్నారు. కానీ అందులో ఎండా, మట్టీ, చెవి పక్కన నిజమైన పేలుడూ ఉండవు. రేపు కొత్త ఏకే-203 రైఫిల్ మీ చేతికి వచ్చినా ఈ వేలూ, ఊపిరీ, చూపూ మారవు.

ఇప్పుడు నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. క్లాసిఫికేషన్ దగ్గర పడేకొద్దీ ఎవరో ఒకరు నీ దగ్గరకొచ్చి "ఎలాగోలా పూర్తి చెయ్" అంటారు. నాతోనూ అన్నారు. ఏ యూనిట్, ఎవరు అన్నది అనవసరం. సాయంత్రమైంది, మబ్బు పట్టింది, ఇచ్చిన రౌండ్లు అయిపోయాయి, ముగ్గురు మిగిలిపోయారు. బట్‌లో, అంటే టార్గెట్ల దగ్గర స్కోరు చూసే చోట ఉన్నది నేనే. ముగ్గురి పేర్ల ఎదురుగా 'స్టాండర్డ్', అంటే పాస్ అని రాశాను. కలం నాది, చెయ్యి నాది.

ఆ ముగ్గురిలో ఒకడు అనంతపురం వైపు డ్రైవర్. తర్వాత ఉత్తరాన కాన్వాయ్ డ్యూటీకి పోయాడు. రెండేళ్ళకు సెలవులో ఊరికి పోతూ యశ్వంతపూర్ స్టేషన్‌లో కలిశాడు. టీ తాగుతూ, కోపమేమీ లేకుండా అన్నాడు: "ఉస్తాద్, ఆ రోజు నాకు రాలేదని మీకు తెలుసు, నాకూ తెలుసు. అక్కడ రాత్రి సెంట్రీ ఎక్కిన ప్రతిసారీ అదే గుర్తొచ్చేది." వాడికి ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ రెండేళ్ళ రాత్రులు వాడు ఒంటరిగా మోశాడు. ఆ టీ నా గొంతు దిగలేదు.

అందుకని నీకు చెబుతున్నా, నిజమైన అంకె రాయి. 30లో 22 వస్తే 22. ఆ ఎనిమిది మంది ఎందుకు ఫెయిలయ్యారో ఒక్కొక్కరికీ ఒక్క వాక్యం రాసి కంపెనీ కమాండర్ ముందు పెట్టు. ఫలానా వాడికి కళ్ళద్దాలు కావాలి, ఫలానా వాడికి ఇంకో 20 రౌండ్లు కావాలి, ఫలానా రైఫిల్‌ను ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవాడు) చూడాలి. కారణంతో వచ్చిన ఫెయిల్ మీద నన్ను తిట్టిన ఆఫీసర్లు తక్కువ, అదనపు రౌండ్లు ఇప్పించిన వాళ్ళే ఎక్కువ. 2022 నుంచి అగ్నివీర్‌గా వస్తున్న పిల్లల్లో చాలామందికి మొత్తం సర్వీసే నాలుగేళ్ళు. "వచ్చే ఏడు చూద్దాం" అని వాళ్ళతో అనడానికి మన దగ్గర ఏళ్ళు లేవు.

నీ రెండో ప్రశ్నకు జవాబు: వాళ్ళకు శ్రద్ధ లేదని నేను అనుకోను, నీకు నేర్పడం రాదనీ అనుకోను. శ్రద్ధ లేనివాడు రాత్రి కూర్చుని ఇట్లా ప్రశ్న రాయడు.

రేంజ్ రోజున బలహీనంగా ఉన్నవాళ్ళను పొద్దున్నే మొదటి డిటెయిల్స్‌లో (ఒకేసారి కాల్చే బ్యాచ్‌లలో) పెట్టు, కడుపులో టిఫిన్ పడ్డాక, ఎండా గాలీ లేవకముందు. ఆ 19 మంది టార్గెట్ కాగితాలు పారేయకుండా ఉంటే, రేపు సాయంత్రం గోడ పక్కన వరసగా పరిచి చూడు. పేర్లూ యూనిటూ లేకుండా, బొక్కలు ఎట్లా పడ్డాయో మాత్రం ఇక్కడ రాయి. ఒక్కొక్కటీ చదివి నాకు తోచింది చెబుతాను.