తాఖత్ మందు అడిగిన మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకు,

మామయ్య ఆశీస్సులు. డెంగీ తగ్గి రెండు నెలలైనా మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, మధ్యాహ్నానికే ఒళ్లు వాలిపోతోందని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా నీ మీదే ఉంది. ఫోన్‌లో చూసిన తాఖత్ మాజూన్, అంటే బలానికని అమ్మే యునానీ లేహ్యం, డబ్బా ఆర్డర్ పెట్టనా అని అడిగావు. ముప్పై ఏళ్లు యునానీ దవాఖానాలో కాంపౌండరుగా మందులు నూరినవాడిని, చెబుతున్నాను విను. ఇప్పుడే పెట్టకు. యునానీ వద్దని కాదు. ఆ వైద్యం నాకు అన్నం పెట్టింది, ఎంతోమంది మళ్లీ లేచి తిరగడం కళ్లారా చూపించింది. అందుకే దాని దగ్గరికి వెళ్లాల్సిన పద్ధతిలో వెళ్లమంటున్నాను.

ముందు రక్తపరీక్షలు చేయించు. సీబీపీ, షుగర్, థైరాయిడ్, బి12. ఆయాసం అంటున్నావు కాబట్టి డెంగీకి చూసిన డాక్టరుకే ఓసారి గుండె కూడా చూపించు. నీరసం అనేది జబ్బు పేరు కాదురా, లోపల ఏదో జరుగుతోందని ఒళ్లు చెప్పే కబురు. రక్తం తక్కువైనా నీరసమే, షుగర్ పెరిగినా నీరసమే. మీ నాన్నకు షుగర్ ఉందన్న సంగతి మరిచిపోకు.

ఆ రిపోర్టులు పట్టుకుని చార్మినార్ దగ్గర, మక్కా మసీదు పక్కనే ఉన్న సర్కారు నిజామియా దవాఖానాకు వెళ్లు. ఏడో నిజాం కాలంలో కట్టిన పెద్ద భవనం, అడిగితే ఎవరైనా చూపిస్తారు. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకో. నగరంలో ఈ వైద్యం నిన్న మొన్న పుట్టింది కాదు. నువ్వు బస్సులో దాటిపోయే దారుల్‌షిఫా ఉంది చూడు, అది 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆసుపత్రి. రోగులు అక్కడే ఉండి మందు తీసుకునేవాళ్లు, హకీములు, అంటే యునానీ వైద్యులు, అక్కడే చదువుకునేవాళ్లు. ఇప్పుడు అక్కడ ఆ ఆసుపత్రి నడవడం లేదు, బస్తీకి దాని పేరు నిలిచిపోయింది. అంత దూరం వెళ్లలేక దగ్గర్లో చూపించుకుంటానంటే, యునానీ డిగ్రీ బీయూఎంఎస్ చదివి, బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు రాసుకున్న డాక్టరు దగ్గరికే వెళ్లు.

హకీం నాడి పట్టుకుంటాడు, నాలుక చూస్తాడు. ఆ తర్వాత అడిగే ప్రశ్నలకు నీకు విసుగు రావచ్చు. చలి ఎక్కువా, ఉక్క ఎక్కువా? దాహం ఎంత? కలలు వస్తాయా? మోషన్ రోజూ అవుతుందా? కోపం త్వరగా వస్తుందా? సిగ్గుపడకుండా, అబద్ధం లేకుండా చెప్పు. ఆయన వెతికేది నీ మిజాజ్, అంటే నీ ఒంటి తత్వం. ఒంట్లో దమ్ (రక్తం), బల్గమ్ (కఫం), సఫ్రా (పసుపు పైత్యం), సౌదా (నల్ల పైత్యం) అని నాలుగు ద్రవాలు ఉంటాయని, వేడి, చలవ, తడి, పొడి గుణాలు మనిషి మనిషికీ వేరుగా కలుస్తాయని ఈ శాస్త్రం లెక్క. బుఖ్రాత్ అని మా హకీం సాబ్ పిలిచే గ్రీకు హిపోక్రటీస్ నుంచి వచ్చిన ఆలోచన ఇది. ఈనాటి డాక్టర్లు ఒంటిని ఇలా చూడరు, నిజమే. కానీ ఒకరికి పడిన మందు ఇంకొకరికి పడకపోవచ్చన్న జాగ్రత్త అందులో ఉంది. అందరికీ ఒకే డబ్బా అమ్మే ప్రకటనలో ఆ జాగ్రత్త లేదు.

మా దవాఖానాకు ఒక మగ్గం నేసే ఆయన వచ్చేవాడు. పెళ్లిళ్ల కాలం, చీరల ఆర్డర్లు మీద పడ్డాయి. చేతుల్లో సత్తువ లేదు, ఖమీరా లేహ్యం రాసివ్వండి అని పట్టుబట్టాడు. హకీం సాబ్ అరగంట మాట్లాడి ఒక్క మందూ రాయలేదు. రాత్రి పదకొండింటికి తినడం మానేసి పొద్దు గూకేలోపు తిను, పదింటికల్లా పడుకో, పొద్దున చెరువుకట్ట మీద నడిచి రా, పది రోజుల తర్వాత కనిపించు అన్నాడు. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాడనుకున్నాను. పన్నెండో రోజున వచ్చాడు, గొంతులోనే తేడా తెలిసింది. అప్పుడు అరుగుదలకు జవారిష్ రాసిచ్చారు, నేనే కట్టిచ్చాను. గాలి, తిండీ నీరూ, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలవాల్సింది నిలిచి పోవాల్సింది పోవడం. ఈ ఆరూ సరిచేయకుండా మందు ఇస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే అనేవారాయన. నువ్వు నైట్ షిఫ్టులో రెండింటికి బిర్యానీ తిని తెల్లారి పడుకుంటున్నావు. హకీం మొదట పట్టుకునేది అదే. మీ మేనేజరును అడిగి రెండు నెలలైనా పగటి షిఫ్టు వేయించుకో. నీకిప్పుడు అంతకు మించిన మందు నాకు తోచడం లేదు.

తిండి సంగతి. జ్వరం పడి లేచినవాళ్లకు యునానీలో బార్లీ జావ పాత మందు, మాఉష్షయీర్ అంటారు. పలచగా కాచి, వడగట్టి, గోరువెచ్చగా తాగు. పెసరపప్పు కిచిడీ, సొరకాయ, రెండు మూడు ఖర్జూరాలు. ఆకలి బాగా పుట్టాకే మాంసం, అదీ షోర్బాగా.

మందు రాసిస్తే ఏది ఏమిటో తెలుసుకుని వాడు. జవారిష్ కాస్త పలుకుగా ఉంటుంది, కడుపు కోసం. ఖమీరా అంటే పాకాన్ని తెల్లబడేదాకా గిలకొట్టి చేసేది. నా భుజాలు పడిపోయేవి ఆ పనికి. అత్రీఫల్ అంటే మన త్రిఫలే, కరక్కాయ, తానికాయ, ఉసిరి. పేరు మన దగ్గరి నుంచి వెళ్లి అరబ్బీ యాస పట్టుకుని తిరిగొచ్చింది. మాజూన్‌లో మందు పొడికి దాదాపు మూడింతలు తేనో చక్కెరో పడుతుంది. రేపు నీ రిపోర్టులో షుగర్ అని వస్తే ఆ సంగతి హకీంకు మొదటే చెప్పు.

కుష్తా మాత్రం సొంతంగా ముట్టుకోవద్దు. లోహాన్ని కాల్చి చేసే భస్మం అది. చేయడం తెలిసినవాడు చేయాలి, చూడటం తెలిసినవాడు చూస్తుండగా తినాలి. మా పెదనాన్న కొడుకు బస్టాండు దగ్గర డేరా వేసుకున్నవాడి దగ్గర బూడిదరంగు పొట్లాలు కొన్నాడు, నాకు చెప్పకుండా. మూడో వారానికి వాంతులు, మూత్రం తగ్గిపోయింది. పెద్దాసుపత్రిలో కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. మనిషి బతికాడు కానీ, ఇంట్లో మందులవాడిని ఉండి కూడా ఆపలేకపోయానన్న బాధ నాకు ఈనాటికీ పోలేదు. లైంగిక శక్తి పెంచుతామని మందుల ప్రకటన ఇవ్వడాన్ని 1954లోనే చట్టం నిషేధించింది. గోడల మీదా ఫోన్లలోనూ అలా రాసేవాడు మొదటి అడుగే తప్పు వేశాడు, వాడి మందును నమ్మి నోట్లో ఎలా వేసుకుంటావు? డబ్బా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే పక్కన పెట్టు. మీ ఫ్రెండ్ హిజామా, అంటే ఒంటి మీద గాట్లు పెట్టి కప్పులతో రక్తం లాగడం, చేయించుకోమన్నాడట. డెంగీ నుంచి లేచిన ఒంట్లోంచి ఇప్పుడు రక్తం తీయించుకోవద్దు.

ఇంకోటి, నీకు ఇచ్చిన మందు అక్కకు పెట్టకు. తను బీపీ మాత్రలు వేసుకుంటోంది. యునానీ బీపీ మందుల్లో సర్పగంధ పడుతుంది, మేం అస్రోల్ అనేవాళ్లం. దాన్లోంచి 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రవేత్త ఒక రసాయనాన్ని వేరుచేసి, పేరున్న యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పెట్టారు. అంత బలమైన వేరు అది. మాత్రల మీద అది కూడా పడితే బీపీ ఉన్నట్టుండి పడిపోవచ్చు.

రిపోర్టులు రాగానే వాట్సాప్‌లో పెట్టు. హకీం రాసిన చీటీ ఉర్దూలో ఉంటే దాన్నీ ఫోటో తీసి పంపు, చదివి చెబుతాను. అత్తమ్మ బార్లీ వేయించి, దంచి డబ్బాలో పోసింది, ఆదివారం వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య