రేంజ్(1, 7) ఇస్తే ఆరే పేర్లు ఎందుకు వస్తున్నాయి?

తమ్ముడూ, పైథాన్‌లో తిరుమల ఏడుకొండల పేర్లు వరుస నంబర్లతో ప్రింట్ చేయబోతే ఆరే వచ్చాయి, శేషాద్రి ఎగిరిపోయింది, 7ని 8 చేస్తే ఎర్రర్ కొట్టింది అన్నావు. ఇందులో రెండు చిక్కులు కలిసిపోయాయి.

రేంజ్‌లో రెండో అంకె ఎప్పుడూ రాదు, దాని ముందే లెక్క ఆగిపోతుంది. రేంజ్(1, 7) అంటే 1 నుంచి 6 దాకానే. అలిపిరిలో నడక మొదలుపెట్టి, తిరుమల కనబడగానే వెనక్కి తిరిగినట్టు!

అసలు తంటా లిస్ట్‌ దగ్గరుంది. అక్కడ లెక్క 0తో మొదలవుతుంది. నీ లిస్ట్‌లో శేషాద్రి 0, నీలాద్రి 1, చివర వెంకటాద్రి 6. నువ్వు 1తో మొదలుపెట్టావు కాబట్టి శేషాద్రి తప్పిపోయింది. 8 పెట్టేసరికి లూప్‌లో లెక్కపెట్టే ఐ విలువ 7 దాకా పోయింది, ఆ స్థానంలో ఏమీ లేదు, అందుకే ఇండెక్స్‌ఎర్రర్.

రేంజ్(7) అని రాసి (అంటే 0 నుంచి 6 దాకా), నంబర్ ప్రింట్ చేసేచోట మాత్రం ఐ + 1 పెట్టు. 7 బదులు లెన్(కొండలు), అంటే నీ లిస్ట్‌లో ఎన్ని పేర్లున్నాయో ఆ లెక్క, పెడితే ఇంకా మేలు, లిస్ట్ మారినా లూప్ ముట్టుకోనక్కర్లేదు. నేనైతే ఈ గొడవే లేకుండా ఇలా రాస్తా, ఎన్యూమరేట్ ఒక్కో పేరుతో పాటు 1 నుంచి నంబర్‌ కూడా తానే ఇస్తుంది:

ఫర్ నంబర్, పేరు ఇన్ ఎన్యూమరేట్(కొండలు, 1):
    ప్రింట్(నంబర్, పేరు)

టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా. వెంకటాద్రి నుంచి వెనక్కి రావాలంటే రేంజ్(6, -1, -1): 6 నుంచి ఒక్కొక్కటి తగ్గుతూ, -1 ముందే, అంటే 0 దగ్గర ఆగుతుంది.