పెంపుడు కుందేలుకు గర్భసంచి ఆపరేషన్: ముందు రాత్రి పస్తు పెట్టవద్దు

సందేహం: మా పాప కోసం రెండు ఆడ కుందేళ్లను తెచ్చి ఒకే బోనులో పెంచుతున్నాము. పెద్దదానికి రెండేళ్లు, బరువు 2.2 కిలోలు. పది రోజులుగా అది తన రొమ్ము, పొట్ట మీది వెంట్రుకలను పీక్కుంటున్నది, దగ్గరికి వెళితే గుర్రుమంటున్నది. గజ్జి అని చెప్పి మందుల దుకాణంలో కుక్కలకు కొట్టే స్ప్రే ఇచ్చారు, ఒకసారి కొట్టాము. గర్భసంచి తీయిస్తే ఈ బాధ పోతుందని, ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి మేత పెట్టవద్దని, తర్వాత అమాక్సిసిలిన్ గోళీలు వేయాలని కూడా అక్కడే చెప్పారు. ఎప్పుడు చేయించాలి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక రైతు, దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా

సమాధానం: మీ కుందేలుకు ఉన్నది గజ్జి కాదు. గజ్జి సాధారణంగా ముక్కు, పెదవులు, చెవుల అంచులు, కాలి వేళ్ల దగ్గర మొదలై, బూడిద రంగు పొక్కులు కడుతుంది. మీరు పంపిన ఫోటోలో పీకిన చోట చర్మం గులాబీ రంగులో నునుపుగా ఉన్నది, ఒక్క పొక్కు లేదు. పైగా బోను మూలన ఎండుగడ్డిలో తన బొచ్చునే కలిపి గుండ్రంగా గూడు కట్టుకున్నది. దీనిని ఉత్తుత్తి చూడి అంటారు. ఆడ కుందేలుకు ఆవు, గేదెల మాదిరిగా లెక్క ప్రకారం వచ్చే ఎద ఉండదు. మరొకటి మీదికి ఎక్కినప్పుడు కలిగే ప్రేరణతోనే 10–12 గంటల్లో అండాలు విడుదలవుతాయి, ఎక్కినది మరో ఆడ కుందేలైనా సరే. చూలు నిలవకపోయినా 16–18 రోజుల పాటు శరీరం చూడితో ఉన్నట్టే నడుచుకుంటుంది. మరో వారంలో ఇది తనంతట తానే తగ్గిపోతుంది కనుక మందేమీ అవసరం లేదు, గూడును మాత్రం చెదరగొట్టకండి.

ఆ స్ప్రే డబ్బా మీద ఫిప్రోనిల్ అనే పేరు ఉన్నదేమో చదవండి. వరిలో కాండం తొలుచు పురుగుకు మీరు చల్లే గుళికలలో ఉండే మందే అది. కుక్కకు పనికివచ్చినా కుందేలుకు విషం. ఇకమీదట ఒక్క చుక్క కూడా తగలనీయవద్దు. మేత మానివేయడం, మందకొడిగా పడి ఉండటం, వణుకు, ఫిట్స్ వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.

ఇక ఆపరేషన్ సంగతి. చేయించాలన్న మీ ఆలోచన మంచిదే. పిల్లలు వద్దనుకున్న ఆడ కుందేలుకు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో చేయిస్తే మరీ మేలు, రెండేళ్లకైనా ఆలస్యం కాలేదు. కొన్ని జాతులలో నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో సగానికి పైగా గర్భసంచి క్యాన్సర్ కనిపిస్తుంది. అయితే ఇప్పుడే చేయించవద్దు. పాలరొమ్ములు ఉబ్బి ఉన్న సమయంలో కోస్తే రక్తస్రావం ఎక్కువగా ఉంటుంది, గాయం మానడం కూడా కష్టమవుతుంది. గూడు కట్టడం ఆగిన తర్వాత మూడు వారాలు ఆగండి. ఇది డిసెంబరు చివరి వారం కనుక జనవరి ఆఖరుకు సరిపోతుంది. శివరాత్రి దాటనీయకండి. ఆ తర్వాత మన జిల్లా ఎండకు, ఆపరేషన్ అయిన జంతువును బస్సులో తీసుకురావడమే ప్రాణాపాయం.

కుందేలుకు మత్తు ఇవ్వడం తెలిసిన వైద్యునికే అప్పగించండి. ముందుగా ఫోన్ చేసి, కుందేళ్లకు ఈ ఆపరేషన్ చేసిన అనుభవం ఉన్నదా అని మొహమాటం లేకుండా అడగండి. దగ్గరలో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో విచారించి, తెల్లవారుజామున బయలుదేరండి. వెళ్లే ముందు ముక్కు చూడండి. ముక్కు తడిగా ఉన్నా, ముందు కాళ్ల లోపలి వైపు వెంట్రుకలు అట్టకట్టి ఉన్నా జలుబు ఉన్నట్టే. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది కనుక అది తగ్గేవరకు మత్తు ఇవ్వకూడదు.

దుకాణంలో ఇచ్చిన మిగతా రెండు సలహాలు స్ప్రే కంటే ప్రమాదకరమైనవి. ముందు రాత్రి పస్తు పెట్టడం కుక్కకు, మనిషికి వర్తించే నియమం, ఎందుకంటే మత్తులో వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తే లేదు. దాని పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. రాత్రంతా కడుపు మాడిస్తే ఆ కదలిక ఆగిపోయి, ఆపరేషన్ చక్కగా జరిగినా ఆ తర్వాత కుందేలు చనిపోవచ్చు. నోరు ఖాళీగా ఉండటానికి ఒక గంట ముందు మేత తీసివేస్తే చాలు. నీళ్లు తీయనే వద్దు. అది రోజూ తినే గరికగడ్డిని ఒక సంచిలో వెంట తీసుకువెళ్లి, మత్తు దిగగానే ముందు పెట్టించండి.

అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ మందులను కుందేలుకు నోటి ద్వారా ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. పేగులలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరిగి, నీళ్ల విరేచనాలతో ప్రాణం పోతుంది. గొర్రెకు, కుక్కకు, కుందేలుకు ఒకే అరలోంచి మందు తీసి ఇచ్చేవారి మాట మీద జంతువును పోగొట్టుకుని, ఆ తర్వాత మాకు ఉత్తరం రాసేవారు ప్రతి ఏటా ఉంటున్నారు. యాంటీబయాటిక్ అవసరమో కాదో, ఏది వేయాలో ఆపరేషన్ చేసిన వైద్యుడే నిర్ణయించాలి.

యాంటీబయాటిక్ కంటే నొప్పి మందే ముఖ్యం, ఎందుకంటే నొప్పి ఉన్న కుందేలు మేత ముట్టదు. మెలాక్సికామ్‌ను కిలో బరువుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒకసారి, మూడు నుంచి ఐదు రోజులు ఇస్తారు. మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉండే ద్రవమైతే మీ కుందేలుకు సుమారు 0.7 మిల్లీలీటర్లు అవుతుంది. ఆ రోజు మళ్లీ తూకం వేయించి, వైద్యుడు రాసిన మోతాదునే వేయండి.

ఇంటికి తెచ్చిన తర్వాత ఊక, రంపపుపొట్టు పరచవద్దు, అవి కుట్లకు అంటుకుంటాయి. జాలీ నేల మీద కాకుండా పాత నూలు గుడ్డ మీద ఉంచండి. జనవరి రాత్రుల చలి ఉంటుంది కనుక గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి. కుట్లు కొరకకుండా మెడకు వేసే గరాటు లాంటి పట్టీ కట్టించవద్దు. కుందేలు తన మెత్తని పెంటికలను నేరుగా నోటితో అందుకుని తింటుంది, పట్టీ ఉంటే అది సాధ్యం కాదు.

ఆ రాత్రి పాప చేత పెంటికలు లెక్కపెట్టించండి. మొదటి రోజు చిన్నవిగా, తక్కువగా వచ్చినా ఫరవాలేదు. పన్నెండు గంటలు గడిచినా మేత ముట్టకపోతే, పెంటికలు అసలే వేయకపోతే వైద్యునికి ఫోన్ చేయండి. పొట్ట ఉబ్బి లేదని ఆయన నిర్ధారించిన తర్వాత, దాణా గుళికలను నీళ్లలో నానబెట్టి మెత్తగా నలిపి, సూది తీసిన సిరంజితో ముందు పళ్ల వెనుక ఖాళీలోంచి పక్కగా, ఒక్కో విడత 20–30 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగుసార్లు నెమ్మదిగా తాగించండి. మూత్రం ఎర్రగా కనిపిస్తే రక్తమని కంగారు పడకండి, కుందేలు మూత్రానికి ఆ రంగు మామూలుగానే వస్తూ ఉంటుంది. కుట్ల నుంచి రక్తం, చీము కారితే మాత్రం ఆగవద్దు. పైకి కనిపించే కుట్లను 10–14 రోజులకు తీస్తారు.

రెండో కుందేలును కనీసం పది రోజులు వేరే బోనులో, ఒకదానికొకటి కనిపించేలా పక్కనే ఉంచండి. ఆపరేషన్‌కు ముందే దానిని కూడా వైద్యునికి చూపించి, అది నిజంగా ఆడదేనా అని అడగండి. అమ్మినవారు లింగం తప్పు చెప్పడం మామూలే. అది మగదని తేలితే పెద్దదాని చూడి ఉత్తుత్తిది కాకపోవచ్చు. అప్పుడు ఆపరేషన్ మాట పక్కన పెట్టి, జత కట్టిన నాటి నుంచి 31 రోజులు లెక్క వేసుకుని పిల్లల కోసం పెట్టె సిద్ధం చేయండి. మగదానికి వృషణాలు తీయించినా నాలుగు నుంచి ఆరు వారాల వరకు చూలు కట్టించగలదు, కనుక అప్పటిదాకా రెండింటినీ కలపవద్దు.