ఐస్ హాకీలో ప్రేక్షకులు మంచు మీదికి వస్తువులు విసరడం క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కాదా?

అన్నిటినీ ఒకే గాటన కట్టలేమండి. ఏం విసిరారు, ఎప్పుడు విసిరారు, ఎవరి మీద కోపంతో విసిరారు అన్నది చూడాలి.

నేనుండేది డెట్రాయిట్ దగ్గర. ఆఫీసువాళ్లతో ఇక్కడి ఐస్ హాకీ జట్టు రెడ్ వింగ్స్ మ్యాచ్‌లకు వెళ్తుంటాను. ఇక్కడ విసిరేది ఏకంగా ఆక్టోపస్‌ని! 1952లో చేపల వ్యాపారం చేసే అన్నదమ్ములు మొదలుపెట్టారు. అప్పట్లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు కావాలంటే ప్లేఆఫ్స్‌లో, అంటే చివరి నాకౌట్ దశలో, ఎనిమిది మ్యాచ్‌లు గెలవాలి, ఆక్టోపస్‌కేమో ఎనిమిది కాళ్లు. ఆ ఏడాది రెడ్ వింగ్స్ ఒక్కటీ ఓడకుండా ఎనిమిదీ గెలిచింది, ఇక ఆనవాయితీ అయి కూర్చుంది. తెలిసినవాళ్లు ఉడకబెట్టి మరీ తెస్తారు. చొక్కాలో దాచుకొచ్చినవాడి పక్క సీటు మాత్రం పగవాడికి కూడా వద్దు.

ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే టోపీలు విసురుతారు. నేను చూసినప్పుడు మా ముందు పెద్దాయన విసిరిన టోపీ నాలుగు వరసల కింద ఎవరి బీరులోనో పడింది. అతను తిట్టలేదు సరికదా, దాన్ని పిండి మళ్లీ మంచు మీదికి విసిరాడు. కుర్రాళ్లు పారలతో వచ్చి ఎత్తేదాకా ఆట ఆగింది. ఎవరూ విసుక్కోలేదు. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ నియమాల్లోనే దీనికి మినహాయింపు ఉంది. (నా టోపీ కొత్తది, తీయలేదు.)

కోపంతో విసిరితే కథ వేరు. 2016లో ఫిలడెల్ఫియాలో అక్కడి జట్టు ఫ్లయర్స్ అభిమానులకు వెలిగే చేతిపట్టీలు పంచారు. వాషింగ్టన్ చేతిలో చిత్తుగా ఓడుతుంటే వాటినే మంచు మీదికి విసిరారు. మైకులో బతిమాలినా ఆగకపోయేసరికి రిఫరీలు సొంత జట్టుకే రెండు నిమిషాల పెనాల్టీ (అంతసేపు ఒక ఆటగాడు తక్కువగా ఆడాలి) వేశారు. 6-1తో ఓడారు. పదునైన స్కేట్ల మీద దూసుకొచ్చే మనిషి కాలికింద చిన్న ప్లాస్టిక్ ముక్క పడినా చాలు, మోకాలు పోతుంది.

మనమేం తక్కువ తినలేదు లెండి. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు పడితే మ్యాచ్‌నే శ్రీలంకకు ఇచ్చేశారు. మనం అప్పటికే ఓడిపోయే దశలో ఉన్నాం, పరువు కూడా పోయింది.

మీరెప్పుడైనా వెళ్తే మూడో గోల్ పడగానే తొందరపడకండి. ఒక్కోసారి రీప్లే చూసి గోల్ రద్దు చేస్తారు. విసిరిన టోపీ మాత్రం వెనక్కి రాదు.