వల్ల, ప్రేరణ, పర్యవసానం: రెండు విప్లవాల గురించి రాసేటప్పుడు

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. అమెరికా, ఫ్రెంచి విప్లవాల కారణాలూ ఫలితాలూ రాయమంటే పిల్లలు ఎక్కువగా మూడు వాక్యాలు రాశారు. “టీ ధర పెరగడం వల్ల అమెరికా విప్లవం వచ్చింది.” “అమెరికా విప్లవం వల్ల ఫ్రెంచి విప్లవం వచ్చింది.” “ఫ్రెంచి విప్లవ పర్యవసానంగా అక్కడ రాజరికం శాశ్వతంగా పోయింది.” చరిత్ర ప్రకారం ఇవి సరికావని తెలుస్తోంది గాని, మాటల వాడుకలో తప్పెక్కడుందో విడమరచి చెప్పలేకపోతున్నాను. అసలు అమెరికాలో జరిగినదాన్ని విప్లవం అనవచ్చా, స్వాతంత్ర్య యుద్ధం అనే అనాలా?

సమాధానం: మీ చివరి ప్రశ్న ముందుగా చూద్దాం. ‘ప్లవం’ అంటే తేలడం, నీటి మీద పోవడం. దానికి ‘వి’ చేరినప్పుడు ముంచెత్తడం, అల్లకల్లోలం కావడం అనే అర్థాలు వచ్చాయి. అమరకోశం డింబ, డమర, విప్లవ శబ్దాలను ఒక్కచోట పర్యాయపదాలుగా చెప్పింది. ఎవరు నిజమైన బంధువో చెప్పే ప్రసిద్ధ శ్లోకంలో “దుర్భిక్షే రాష్ట్రవిప్లవే” అన్నచోట విప్లవం కరువు పక్కన నిలిచింది. అక్కడ అది ప్రజలు కోరి తెచ్చుకున్న మార్పు కాదు, దేశం మీద వచ్చిపడిన ఉపద్రవం. పాత వ్యవస్థను పెకలించి కొత్తదాన్ని నిలబెట్టడమనే అర్థం ఆధునిక కాలంలో ఈ మాటకు మనం ఇచ్చుకున్నది. మన వాడుకలో ‘విప్లవం వచ్చింది’ అనే మాట వరద వచ్చింది, కరువు వచ్చింది అన్నట్టుగానే ఉంటుంది. ఆ క్రియలో పాత అర్థం ఇంకా మిగిలి ఉందని నా అభిప్రాయం. దీని సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

తిరుగుబాటుకూ విప్లవానికీ ఉన్న తేడాను తేటపరిచే ఉదంతం ఒకటి ఫ్రాన్సులోనే ప్రచారంలో ఉంది. 1789 జూలై 14న పారిస్ జనం బాస్టీల్ కోటను పట్టుకున్నారన్న కబురు విని ఫ్రాన్సు రాజు పదహారో లూయీ “ఇది తిరుగుబాటా?” అని అడిగాడనీ, కబురు తెచ్చిన ప్రభువు “కాదు ప్రభూ, విప్లవం” అన్నాడనీ చెబుతారు. తిరుగుబాటు అధికారంలో ఉన్నవాడి మీదికి వెళుతుంది. విప్లవం ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతుంది.

ఈ కొలతతో చూస్తే అమెరికా విషయంలో రెండు మాటలూ ఒప్పే, అయితే రెండింటికీ విషయం ఒకటి కాదు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్లలో మొదలై 1783 సెప్టెంబరు 3 నాటి పారిస్ సంధితో ముగిసినది స్వాతంత్ర్య యుద్ధం. బ్రిటిష్ రాజు పాలితులుగా ఉన్న పదమూడు వలసల వారు రాజు లేని గణతంత్రానికి పౌరులు కావడం, 1787లో తమకు తాము రాజ్యాంగం రాసుకోవడం విప్లవం. ఆ దేశపు రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ 1815లో తన తరువాతి అధ్యక్షుడు జెఫర్సన్‌కు రాసిన ఉత్తరంలో, యుద్ధం విప్లవంలో భాగమే కాదనీ, అది దాని ఫలితం మాత్రమేననీ, అసలు విప్లవం అంతకుముందు పదిహేనేళ్లలో ప్రజల మనసుల్లో జరిగిందనీ అన్నాడు. కాబట్టి మీ పిల్లలు యుద్ధం గురించి రాస్తే యుద్ధమనీ, వ్యవస్థ మార్పు గురించి రాస్తే విప్లవమనీ రాయడం మంచిది.

ఇక మొదటి వాక్యం. ‘వలన’ పంచమీ విభక్తి ప్రత్యయం. దాని వాడుక రూపమైన ‘వల్ల’ తెలుగులో మోయని బరువు లేదు. వాన వల్ల తడిశాం, అమ్మ వల్ల చదువుకున్నాం, అశ్రద్ధ వల్ల నష్టపోయాం. ఇంత విశాలమైన ప్రత్యయం కనుకనే దాని ముందు పెట్టే మాటను మనం ఏరుకోవాలి. 1773లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన టీ చట్టం వల్ల వలసల్లో టీ ధర పెరగలేదు, తగ్గింది. ఈస్టిండియా కంపెనీ తన సరుకును నేరుగా అక్కడికి పంపి చౌకగా అమ్ముకోవడానికి ఆ చట్టం వీలు కల్పించింది. (1765లో మొగలు పాదుషా ఫర్మానాతో మన ఉత్తర సర్కారులను దక్కించుకున్నది కూడా ఈ కంపెనీయే. వలసల్లో స్టాంపు పన్ను చట్టం వచ్చినదీ ఆ ఏడే.) ధర తగ్గినా టీ మీద పార్లమెంటు అంతకుముందు వేసిన పన్ను అలాగే ఉంది. చౌక టీ కొన్న ప్రతివాడూ, తాను ఓటు వేయని పార్లమెంటుకు తన మీద పన్ను వేసే హక్కు ఉందని ఒప్పుకున్నట్టే. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ సముద్రం పాలైంది ఇందుకే.

అంటే విద్యార్థి ‘ధర పెరగడం’ అన్నచోట ‘ప్రాతినిధ్యం లేకుండా పన్ను వేయడం’ అని ఉండాలి. ఆ పన్నులకు మూలం మళ్లీ వేరు. 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధం బ్రిటన్ నెత్తిన పెట్టిన అప్పు అది. వెనకున్న అప్పు మూలం, పన్ను వేసే హక్కుపై తగాదా కారణం, టీ ఓడలు రేవుకు రావడం సందర్భం. మూడింటినీ ఒక్క ‘వల్ల’తో చెబితే వాక్యం వ్యాకరణానికి లొంగుతుంది గాని చరిత్రకు లొంగదు.

రెండో వాక్యం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మన తర్కశాస్త్రం కుండను చూపించి కారణాలను విడదీస్తుంది. మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం. మట్టే లేనిచోట ఎంత గొప్ప కుమ్మరి వచ్చినా కుండ లేదు. ఫ్రాన్సులో మట్టి ఫ్రాన్సుదే. మతాధికారులకూ ప్రభువులకూ ఉన్న పన్ను మినహాయింపులు, రైతు మీద రాజు పన్నూ చర్చి దశమభాగమూ భూస్వామి హక్కులూ కలిసి పడిన భారం, 1614 తరువాత ఒక్కసారి కూడా సమావేశం కాని ఎస్టేట్స్ జనరల్ (మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ), ఇవన్నీ అమెరికా పేరు వినబడక ముందు నుంచీ ఉన్నవే. 1788 జూలైలో కురిసిన వడగళ్లు చేతికొచ్చే పంటను నాశనం చేసి, రొట్టె ధరను పేదలకు అందకుండా చేయడం గోరుచుట్టుపై రోకటిపోటు.

అమెరికాకు ఇందులో పాలు లేదా? ఉంది, అదీ రెండు తీరుల్లో. 1778 నుంచి ఫ్రాన్సు అమెరికన్ల పక్షాన యుద్ధం చేసి నూరు కోట్ల లీవ్రలకు (అప్పటి ఫ్రెంచి నాణేలు) పైగా ఖర్చుపెట్టింది, చాలావరకు అప్పుతో. 1788 నాటికి రాజ్యపు ఖర్చులో దాదాపు సగం అప్పులు తీర్చడానికే పోయేది. ఆ ఇబ్బంది నుంచి గట్టెక్కడానికే రాజు 1789 మే 5న ఎస్టేట్స్ జనరల్‌ను సమావేశపరిచాడు. ఇక్కడ ‘వల్ల’ నిక్షేపంగా వాడవచ్చు: అమెరికా యుద్ధంలో చేసిన అప్పు వల్ల ఫ్రాన్సు ఖజానా దివాలా అంచుకు చేరింది.

రెండోది ఆదర్శం. 1777లో పందొమ్మిదేళ్ల వయసులో అమెరికాకు వెళ్లి పోరాడిన ఫ్రెంచి ప్రభువు లఫయెట్, 1789 జూలైలో, ఎస్టేట్స్ జనరల్ నుంచి ఏర్పడిన జాతీయ సభ ముందు మానవ హక్కుల ప్రకటన ముసాయిదా పెట్టాడు. దాన్ని రాసేటప్పుడు అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్‌ను సంప్రదించాడు. దీనికి తగిన మాట ‘ప్రేరణ’. మన వ్యాకరణంలో ప్రేరణార్థక క్రియ ఏం చెబుతుందో పిల్లలకు గుర్తుచేయండి. చేయించినవాడు వేరు, చేసినవాడు వేరు. ప్రేరణ అన్న క్షణాన పని చేసినవాడు వేరే ఉన్నాడని ఒప్పుకున్నట్టే. ‘అమెరికా విప్లవ ప్రేరణతో’ అని రాస్తే ఫ్రెంచి ప్రజల కర్తృత్వం వాళ్లకే మిగులుతుంది. ‘అమెరికా విప్లవం వల్ల’ అంటే అది వాళ్ల చేతుల్లోంచి జారిపోతుంది.

మూడో వాక్యంలో తప్పంతా ‘పర్యవసానం’ దగ్గరే ఉంది. పరి, అవసానం కలిసిన మాట ఇది, అంటే చివరికి తేలినది. ఫలితం దారి మధ్యలోనూ రావచ్చు. 1789 ఆగస్టు 4 రాత్రి భూస్వామ్య హక్కులు రద్దు చేయాలన్న నిర్ణయం, 1792 సెప్టెంబరు 21న రాజరికం రద్దు విప్లవ ఫలితాలు. కాని 1799 నవంబరులో నెపోలియన్ అధికారం చేజిక్కించుకుని 1804లో చక్రవర్తి అయ్యాడు, 1814లో పాత రాజవంశమే తిరిగొచ్చింది. ఆ పదేళ్ల కల్లోలానికి పర్యవసానం ఒక చక్రవర్తి. రాజరికం రద్దు ఫలితమే గాని పర్యవసానం కాదు. ‘పరిణామం’ మరొకటి. పాలు పెరుగు కావడం దానికి శాస్త్రకారులిచ్చే ఉదాహరణ. రాజ్యాంగబద్ధ రాజరికం గణతంత్రంగా, ఆ గణతంత్రం 1793–94 భీతావహ పాలనగా మారిన తీరుకు పరిణామమనే మాట చక్కగా అతుకుతుంది. ఇవాళ పత్రికల్లో జరిగిన ప్రతిదీ పరిణామమే అయిపోవడం వల్ల ఈ అర్థం మసకబారింది.

పొరుగున పడిన ముద్రకు ‘ప్రభావం’ అనాలి. కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి వలస సాన్ దొమాంగ్‌లో బానిసలు 1791 ఆగస్టులో తిరగబడి, 1804 జనవరి 1న హైతీ పేరుతో స్వతంత్ర దేశాన్ని స్థాపించారు. “మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారు” అని 1776లోనే ప్రకటించిన అమెరికాలో బానిసత్వం 1865 దాకా సాగింది. ఒక ప్రకటనకు అది పుట్టిన చోట కలిగిన ఫలితం వేరు, మరోచోట పడిన ప్రభావం వేరు అని చూపడానికి పిల్లలకు 1804, 1865 అనే ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసి చూపండి.

ఇక ‘వచ్చింది’ సంగతి. అది తప్పని అనను, నుడికారమే. అయితే 1789 అక్టోబరు 5న పారిస్ సంతల్లో చేపలూ కూరలూ అమ్ముకునే ఆడవాళ్లు వేల సంఖ్యలో, వర్షంలో తడుస్తూ, రొట్టె కావాలంటూ సుమారు ఇరవై కిలోమీటర్లు వర్సాయ్ దాకా నడిచి వెళ్లి, మర్నాడు రాజును వెంటబెట్టుకుని పారిస్‌కు తెచ్చారు. ఈ సంఘటన రాసేటప్పుడు మాత్రం ‘విప్లవం వచ్చింది’ అని కాకుండా, ఎవరు నడిచారో కర్తగా పెట్టి ఆ వాక్యం రాయించండి.