సింగిల్ విండో చైర్మన్ అయిన మేనల్లుడికి

నల్లగొండ

చిరంజీవి మేనల్లుడికి, మేనమామ ఆశీర్వదించి రాయునది.

రైతులకు అప్పు, ఎరువులు అందించే సింగిల్ విండో సహకార సొసైటీకి నిన్ను చైర్మన్‌గా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషించాను. రెండు పాలకవర్గాలలో పనిచేసినవాడిగా నీకు చెప్పదలచినది ఒక్కటే ఉంది. సొసైటీ బాగుపడినా చెడినా అది వానల మీద, ధరల మీద కన్నా ఆ 13 మంది డైరెక్టర్లు కూర్చునే గదిలో ఏమి చదివారు, ఏమి అడిగారు, దేని మీద సంతకం పెట్టారు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందు నా తప్పు చెబుతాను. నేను మొదటిసారి డైరెక్టరునైన రోజుల్లో మా దగ్గర సమావేశాలు సరిగా జరిగేవి కావు. అటెండరు, సమావేశం తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. ఒకనాడు నాటు వేయిస్తుండగా గట్టు మీదికి వచ్చాడు. కాలువలో చేతుల బురద కడుక్కుని, అతను వేలు పెట్టి చూపిన చోట సంతకం చేశాను. పైన ఏమి రాసి ఉందో చదవలేదు. గోదాములోని ఎరువుల నిల్వను సరిచూశామన్న తీర్మానం అది. ఆడిట్ వచ్చినప్పుడు రిజిస్టరులో ఉన్న యూరియా బస్తాలలో చాలా వరకు గోదాములో లేవు. మాయం చేసినవాడు వేరు, కాని లెక్కించామని సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ లోటును పూడ్చడానికి పోయినది సభ్యుల సొమ్మే. ఇప్పటికీ అది నా మనసును బాధిస్తూనే ఉంది.

అందుకే సమావేశం ఎజెండా, దానికి సంబంధించిన లెక్కలు కనీసం వారం ముందు ప్రతి డైరెక్టరు చేతికి చేరేటట్లు చూడు. మినిట్స్ ఆ గదిలోనే రాయించి, అందరికీ చదివి వినిపించిన తరువాతనే సంతకాలు పెట్టించు. నెలకు ఒకసారి ఇద్దరు డైరెక్టర్లు, ప్రతిసారీ వేరే ఇద్దరు, ముందుగా చెప్పకుండా గోదాముకు వెళ్లి బస్తాలు లెక్కించాలి. బయటి నుంచి వరుసలను చూసి అంచనా వేయడం చాలదు. లోపలి వరుసలు ఖాళీగా వదిలి ముందు వరుసను నిండుగా పేర్చడం కష్టమేమీ కాదు. 2022లో కేంద్రం ఆమోదించిన సొసైటీల కంప్యూటరీకరణ పథకం మంచిదే. అయితే కంప్యూటరు మనం ఎక్కించిన పద్దునే చూపుతుంది, బస్తాను లెక్కించవలసింది మనిషే.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది అప్పుల వ్యవహారం. సొసైటీ జిల్లా సహకార బ్యాంకు నుంచి అప్పు తెచ్చి సభ్యులకు ఇస్తుంది. సభ్యుల నుంచి మనకు రావలసినదాని కన్నా మనం బ్యాంకుకు కట్టవలసినది ఎక్కువైతే దానిని ఇంబాలెన్స్ అంటారు. ఈ ఒక్క అంకెను ప్రతి సమావేశంలో మొదట అడుగు. అది పెరుగుతున్నదంటే వసూలైన డబ్బు బ్యాంకుకు చేరడం లేదో, ఖర్చులు ఆదాయాన్ని మించాయో, పద్దులలో తేడా ఉందో సొసైటీ రోజువారీ పనులు నడిపే ఉద్యోగి అయిన సీఈవో చెప్పాలి. ఆ తరువాత బకాయిల జాబితా చదివించు, డైరెక్టర్ల పేర్లతోనే మొదలుపెట్టించు. వాయిదా మీరినవాడు పాలకవర్గంలో కూర్చుని పక్క ఊరి చిన్నరైతుకు నోటీసు పంపమని తీర్మానం చేస్తే ఆ నోటీసును ఎవరూ లెక్కచేయరు. డైరెక్టరుకు గాని, అతని బంధువుకు గాని అప్పు మంజూరు చేసే అంశం వచ్చినప్పుడు అతను లేచి బయటికి వెళ్లాలి. వెళ్లినట్లు మినిట్స్‌లో రాయాలి. నీకూ ఇదే నియమం.

2024లో 2 లక్షల దాకా పంటరుణాల మాఫీ జరిగిన తరువాత, మళ్లీ మాఫీ వస్తుందేమోనని కట్టడం ఆపేవాళ్లు ప్రతి ఊరిలో ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేము. కాని ఓట్ల కోసం ‘కట్టకండి, చూద్దాం’ అనే మాట డైరెక్టరు నోట రాకూడదు. 3 లక్షల దాకా పంటరుణానికి వడ్డీ 7 శాతం. వాయిదాలోపు కట్టినవాడికి కేంద్రం ఇచ్చే 3 శాతం ప్రోత్సాహకంతో అది 4 శాతానికి దిగుతుంది. ఈ లెక్కను డైరెక్టర్లు తమ తమ ఊళ్లలో విడమరచి చెబితే నోటీసుల అవసరం చాలావరకు తగ్గుతుంది.

వడ్ల కొనుగోలు కేంద్రంలో డైరెక్టరు ట్రాక్టరు వరుసలో తన వంతుకే రావాలి; తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన, తరుగు, గన్నీ సంచులు అందరికీ ఒకే తీరుగా ఉండాలి. సీఈవో పనిలో నీవు వేలు పెట్టవద్దు, నగదు ముట్టవద్దు, మనవాళ్ల పిల్లవాడిని గుమాస్తాగా పెట్టవద్దు. కాని సీఈవోను లెక్క అడగడం మాత్రం మానవద్దు.

2004లో కేంద్రం వేసిన వైద్యనాథన్ కమిటీ సహకార సంఘాల మీద ప్రభుత్వ పెత్తనం తగ్గాలని చెప్పింది. అది న్యాయమైన మాట. అయితే తన ఖాతాలు తాను చదువుకోలేని పాలకవర్గానికి స్వేచ్ఛ వచ్చినా దానిని నిలుపుకోవడం చేతకాదు. వీలు చూసుకుని డైరెక్టర్లందరినీ హనుమకొండ జిల్లాలోని ముల్కనూరు సహకార సంఘానికి తీసుకెళ్లు. 1956లో మొదలైన ఆ సంఘం అప్పు, విత్తనం, ఎరువు, పంట కొనుగోలు అన్నీ ఒకే చోట నడుపుతున్నది. అదే ఊరిలో మహిళలు తమ డెయిరీని నిలబెట్టుకున్నారు. అక్కడి కార్యాలయంలో కూర్చుని వాళ్లు లెక్కలను సభ్యుల ముందు ఎలా పెడతారో అడిగి తెలుసుకోండి.

మొదటి సమావేశం నెలాఖరున ఉందని, నీ పంటరుణం వాయిదా కూడా అదే వారంలో ఉందని మీ అమ్మ చెప్పింది. ముందు అది కట్టి, రసీదు జేబులో పెట్టుకుని సమావేశానికి వెళ్లు.

ఇట్లు,
నీ మేనమామ